పన్నెండో తీగ

తమ్ముడి మెడ మీద స్కానర్ ఆనించిన సమతకు, నాలుగో వెన్నుపూస పక్కన, హైదరాబాద్ ప్రయోగశాలలో తన చేతులతో తయారుచేసిన తీగ కనిపించింది.

స్కానర్ తీసింది. జెల్ తుడిచి, కొత్తగా రాసి, మళ్లీ ఆనించింది. తీగ అక్కడే ఉంది. వెంట్రుక కన్నా సన్నం, చిటికెన వేలంత పొడవు. దాని చుట్టూ తెల్లటి నూలుపోగుల్లా ఏవో అల్లుకుని ఉన్నాయి.

"ఏందక్కా, మల్ల మల్ల పెడుతున్నవ్?" అన్నాడు ప్రభాత్, మంచం మీద బోర్లా పడుకునే. "చక్కిలిగిలి అయితాంది నాకు."

"కదలకు."

కౌలాలంపూర్‌లో హోటల్ గది. ఉదయం పది. ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్లో పురుషుల సింగిల్స్ సెమీఫైనల్ మధ్యాహ్నం మూడింటికి. నిన్న క్వార్టర్ ఫైనల్లో రెండో సీడ్‌ను ఓడించి వచ్చినప్పటి నుంచి మెడ పట్టేసిందని ప్రభాత్ అంటుంటే, ఫిజియో సెలవులో ఉండడంతో ఆమె బదులు జట్టుతో వచ్చిన సమత తన స్కానర్ తీసింది. నొప్పి ఎక్కడుందో చూద్దామనుకుంది, అంతే.

స్కానర్ పక్కనున్న మీట నొక్కింది. తీగ తన నంబరు చెప్పింది. పన్నెండు.

ఆ నంబరు ఇక్కడ ఉండడానికి వీల్లేదు. అలాంటి తీగలు లోకం మొత్తం మీద పన్నెండే ఉన్నాయి. వెన్నెముక విరిగి మంచానపడ్డ మనుషుల కోసం సమత మూడేళ్లు కూర్చుని చేసినవి. మెదడు పంపిన ఆజ్ఞ విరిగిన చోట ఆగిపోతుంది. తీగ దాన్ని ఇవతల అందుకుని అవతలకు చేరవేస్తుంది. మనిషి ఎంత ప్రయత్నిస్తే నరాలు అంతగా దానిలోకి వేళ్లు తన్నుతాయి. కొన్నాళ్లకు తీగ ఎంత నేర్చుకుంటుందంటే, మనిషి పూర్తిగా తలుచుకోకముందే పని కానిచ్చేస్తుంది. పన్నెండు మంది రోగుల్లో పదకొండు మంది ఏదో ఒకటి కదిలించారు. పన్నెండో మనిషి ఓదెలు. గోదావరిఖనిలో బొగ్గు గని పైకప్పు కూలి మెడ విరిగినవాడు, సమత తండ్రితో కలిసి పనిచేసినవాడు. ఆయనకు పెట్టిన తీగ పనిచెయ్యలేదని కిందటేడాదే ఫైలు మూసేశారు.

"నీకు మెడకు ఆపరేషన్ ఎప్పుడైంది?" అంది.

"గదే, భుజం నరం ఒత్తుకుందని నరహరి సార్ చేసిండు గదా, రెండేండ్ల కింద. బాపే తీస్కపోయిండు. నువ్వప్పుడు ఢిల్లీల ఉన్నవ్."

నరహరి. పన్నెండు తీగలనూ రోగుల మెడల్లో పెట్టిన సర్జన్.

సమత ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. స్కానర్‌లో కనబడిన బొమ్మ పంపి, కింద ఒకే వాక్యం రాసింది: 'ఇది నా తమ్ముడి మెడ.'

తర్వాత ప్రభాత్‌ను కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను నవ్వాడు. అక్క ముఖం చూసి నవ్వు ఆపాడు.

టేబుల్ మీది డబ్బాలోంచి సమత ఒక షటిల్ తీసింది. "ఇది నీ మీదికి ఇసురుత. పట్టుకోకు."

విసిరింది. ప్రభాత్ కుడిచెయ్యి పట్టుకుంది.

"అరే, అలవాటక్కా. ఇంకోటి ఎయ్యి."

రెండోది కూడా పట్టుకుంది. మూడోసారి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. సమత విసిరింది. తొడ ఎగిరింది, చెయ్యి బయటికొచ్చింది, షటిల్ అతని ముక్కుకు జానెడు దూరంలో ఆగింది. ప్రభాత్ తన వేళ్లను పరాయివాళ్ల వేళ్లను చూసినట్టు చూశాడు.

"అంటే నిన్న కొట్టినయి నేను కొట్టలేదా?"

సమత అతని చేతిలోంచి షటిల్ తీసుకుని డబ్బాలో పెట్టింది.

"యాభై ఎనిమిదో ర్యాంకు నుంచి తొమ్మిదికి వచ్చిన, ఆర్నెల్లల్ల. ఇన్నేండ్లకు ఆట పట్టువడ్డదనుకున్న. బాపు మేకను కోసి కాలనీ మొత్తానికి దావత్ ఇచ్చిండు." మెడ వెనక తడుముకున్నాడు. "తీసెయ్యచ్చా?"

"వారంలోపల అయితే తీయచ్చు. సగం సగం అవకాశం. కానీ నువ్వు ఆడినకొద్ది నరాల వేళ్లు అండ్లకు దిగుతయి. ఇంకో రెండు మ్యాచులు ఆడినవనుకో, తీగ తీస్తే చెయ్యి కూడా దానెంబడే పోతది. తియ్యకుంటే చెయ్యి దాని మాటనే ఇంటది, నీ మాట ఇనది."

"అయితే ఇయ్యాల ఆడనని చెప్త."

"చెప్తే టోర్నీ డాక్టర్ వచ్చి పరీక్ష చేస్తది. స్కాన్ తీస్తది. నా తీగ ఒక ఆటగాని మెడల దొరికిందని తెల్లారేసరికి లోకమంత తెలుస్తది. ప్రయోగం ఆపేయమంటరు. పదకొండు తీగలు ఒక్క ఆర్డరుతోని బంద్ అయితయి."

ఆ పదకొండు మందినీ ప్రభాత్ ఎరుగును. సిరిసిల్లలో మరమగ్గం మీద పడి మెడ విరిగిన రజిత, చెంచా పట్టుకుని పప్పన్నం తిన్న వీడియో మొన్ననే అతనికీ వచ్చింది. మీసంలా పైపెదవికి పప్పు అంటించుకుని ఆమె నవ్వుతోంది.

"అయితే ఓడిపోత," అన్నాడు. "ఓడుడు నాకు కొత్తనా? ఎనిమిదేండ్లు అదే పని చేసిన. అరగంటల ఓడి, సాయంత్రం విమానం ఎక్కుదాం. తర్వాత సప్పుడు గాకుండ తీసెయ్యి."

తలుపు తోసుకుని వాళ్ల తండ్రి రాజమల్లు లోపలికొచ్చాడు. వయసు అరవై దాటింది. గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒళ్లు, ఇంకా వంగలేదు. కొడుక్కి మొదటి గురువు, ఇప్పటికీ కోచ్ ఆయనే. కాలనీలో పాత సామాన్ల షెడ్డులో గీతలు గీసి ఆట నేర్పాడు. అక్కడ పొద్దున తెల్లగా ఉన్న షటిల్ సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో బూడిద రంగుకు మారేది.

"ఏం ముచ్చట్లు పెట్టిన్రు? ఉడకబెట్టిన గుడ్లు తెచ్చిన. తినుర్రి."

"బాపూ, వీని మెడల తీగ ఉంది," అంది సమత. "ఓదెలు మామకు పెట్టినమని రాసుకున్న తీగ."

రాజమల్లు గుడ్ల పొట్లం టేబుల్ మీద పెట్టాడు. "ఎవలు పెట్టిన్రు?"

"నరహరి సార్‌ను అడగాలె. ఫోన్ ఎత్తుతలేడు."

"అడుగు," అన్నాడు ఆయన, గుడ్డు పెంకు తీస్తూ. "ఆట అయినంక అడుగు."

* * *

డెన్మార్క్ ఆటగాడు నీల్స్ ఆరడుగుల నాలుగంగుళాలు. ఎడమచేతి వాటం. అతని మీద ప్రభాత్ ఇంతవరకు మూడుసార్లు ఓడాడు. నాలుగోసారి ఓడితే ఎవరూ ఆశ్చర్యపోరు.

కోర్టు వెనక రెండు కుర్చీలు. ఒకటి కోచ్ రాజమల్లుది, రెండోది సమతది. పదమూడు వేల మంది జనం. ఏసీ గాలి కుడివైపు నుంచి ఎడమకు తోస్తోంది. గాలివాటున షటిల్ కాస్త గట్టిగా కొడితే చాలు, గీత దాటి పడుతుంది. ఓడడానికి ఇంతకన్నా సులువైన హాలు లేదు.

మొదటి సర్వీసు ప్రభాత్‌ది. నెట్‌కు తగిలేలా కొట్టాలనుకున్నాడు. షటిల్ నెట్ మీద వెంట్రుకవాసి పైనుంచి జారి అవతల గీత మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆటగాడు కావాలని ఓడితే అంపైర్ ఊరుకోడు. నల్ల కార్డు చూపించి బయటికి పంపుతారు, విచారణ పెడతారు. కాబట్టి బాగా ఆడుతున్నట్టు కనబడుతూనే ఓడాలి. ప్రభాత్ అందుకు సిద్ధపడే వచ్చాడు. షటిల్‌ను గీత అవతల రెండంగుళాల దూరంలో వెయ్యాలని గురిపెట్టాడు. ఆఖరి క్షణంలో మణికట్టు తిరిగింది. షటిల్ గీత ఇవతల రెండంగుళాల్లో పడింది. స్మాష్ కొట్టకుండా ఎత్తి వేద్దామనుకున్నాడు. భుజం లేచింది, చెయ్యి విసిరింది, నీల్స్ రాకెట్ కదిలేలోగా షటిల్ నేలను తాకింది.

నాలుగు పాయింట్లకు అతనికి విషయం అర్థమైంది. మెదడు ఒక సలహా ఇస్తోంది. చెయ్యి దాన్ని వినడం లేదు.

చెయ్యి కాకపోతే కాళ్లున్నాయి. తీగ మెడలో ఉంది, చేతికి వెళ్లే నరం మీద. కాళ్లు తనవే. కాస్త ఆలస్యంగా కదిలితే ఎంత మంచి చెయ్యైనా షటిల్‌ను అందుకోలేదు. నీల్స్ ఎడమ మూలకు డ్రాప్ వేశాడు. ప్రభాత్ నిలబడిపోదామనుకున్నాడు.

మోకాలు వంగింది. కాలు సాగింది. తను పిలవకుండానే ఒళ్లు మూలకు చేరింది.

అక్కడ, వేల మంది మధ్యలో, అతను తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు.

పదకొండు పాయింట్ల దగ్గర ఒక్క నిమిషం విరామం. పదకొండు - మూడు. తువ్వాలుతో ముఖం కప్పుకుని ప్రభాత్ కుర్చీల దగ్గరికి వచ్చాడు.

"మంచిగ పోతాంది బిడ్డా," అన్నాడు రాజమల్లు. "బ్యాక్‌హ్యాండ్ దిక్కు..."

"బాపూ, నువ్వాగు. అక్కా, కాళ్లు గూడ పోయినయి."

సమతకు అర్థమైంది. నరాల వేళ్లు మెడ దిగి కిందికి పాకాయి. ప్రయోగశాలలో ఎవరిలోనూ ఇంత వేగంగా పాకలేదు. వాళ్లు రోజుకు గంటసేపు వేలు కదపడానికి ప్రయత్నించేవాళ్లు. ఇతను రెండేళ్లుగా రోజుకు ఆరు గంటలు ఒళ్లంతా వాడాడు.

"ఆపేయ్," అంది. "అంపైర్‌కు చెయ్యెత్తి ఆడనని చెప్పు. నోటితోని చెప్పు."

"నోరొక్కటే నాది ఇప్పుడు," అన్నాడు. తువ్వాలు కింద కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చెప్తే డాక్టర్ కోర్టు మీదికే వస్తది గదా. రజితక్క చెంచా ఏమైతది?"

అంపైర్ పిలిచాడు.

తర్వాత ఇరవై నిమిషాలు సమత జీవితంలో అతి పొడవైన ఇరవై నిమిషాలు. తమ్ముడు ఎగిరాడు, పక్కకు దూకాడు, నేలబారున వచ్చిన షటిల్‌ను తీసి పైకి లేపాడు. జనం లేచి నిలబడ్డారు. అంత అందమైన ఆట ఆ హాలు చూసి ఉండదు. పెద్ద తెర మీద అతని ముఖం కనిపించింది. కన్నీళ్లు కారుతున్నాయి. వ్యాఖ్యాత దాన్ని ఆనందం అన్నాడు.

ఇరవై ఒకటి - ఎనిమిది. ఇరవై ఒకటి - ఆరు.

నీల్స్ నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. ప్రభాత్ ఎడమచెయ్యి ఇచ్చాడు. కుడిచేతి వేళ్లు రాకెట్ వదలడం లేదు.

* * *

వార్మప్ హాలు వెనక ఇరుకైన నడవలో ముగ్గురూ ఆగారు. రాజమల్లు కింద మోకాళ్ల మీద కూర్చుని కొడుకు వేళ్లను ఒక్కొక్కటీ విప్పుతున్నాడు. బొటనవేలు విప్పితే చూపుడువేలు ముడుచుకుంటోంది.

సమత ఫోన్‌కు నరహరి నుంచి మెసేజ్ వచ్చింది. ఒక కాగితం ఫోటో పంపాడు, కింద ఒక ముక్క రాశాడు: 'నేను సంరక్షకుడి సంతకం మీదే చేశాను.'

కాగితం మీద ఇంగ్లిషులో నాలుగు వరుసలున్నాయి. రోగి ఓదెలు మౌఖికంగా అంగీకరించినందున, అతని సంరక్షకుడి అనుమతితో పన్నెండో తీగను మరొకరికి పెట్టడమైనది. సంరక్షకుడి సంతకం మాత్రం తెలుగులో ఉంది. గుండ్రటి అక్షరాలు. సమత స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద ఏటా చూసిన అక్షరాలు.

ఫోన్ తండ్రి ముఖం ముందు పెట్టింది. ఆయన చూశాడు. కొడుకు చెయ్యి వదల్లేదు.

"ఓదెలుకు ఎవలున్నరు నేను తప్ప," అన్నాడు. "పెద్దమనిషిగ నన్నే సంతకం పెట్టమన్నరు."

"అది కాదు నేను అడిగేది. వీని మెడలకు ఎట్ల వచ్చింది?"

"నరహరి సారే అన్నడు. దెబ్బ తగలని నరంల తీగ ఎట్ల పనిజేస్తదో చూడాలె, ఆటగాడైతే మంచిగుంటది అని. పన్నెండే ఉన్నయి అన్నడు. ఎవలిదన్న ఒకలది ఇడువాలె అన్నడు."

"నాకెందుకు చెప్పలే బాపూ?" అన్నాడు ప్రభాత్. గొంతు పెద్దది చెయ్యలేదు.

"చెప్తే నువ్వు ఒప్పుకుందువా?"

"ఓదెలు మామ ఒప్పుకున్నడా?" అంది సమత.

రాజమల్లు నడవ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇరవై రెండేండ్లు ఒక్క గ్యాంగుల చేసినం. నాకు జరం వస్తే వాడు నా షిఫ్టు దిగిండు. వాడు తాగి పండుకుంటే నేను వాని షిఫ్టు దిగిన. ఇయ్యాల నీది, రేపు నాది. కాగితం గీగితం ఏం లేదు, నోటి మాటనే. గనిల అందరం గట్లనే బతికినం. ఇది గూడ గంతే. నువ్వు మల్ల తీగలు చేస్తవు గదా, అండ్ల మొదటిది వానికే. బాకీ ఏం ఉంచుకోలే."

సమత ఆయన ఎదురుగా కూర్చుంది. రోగులకు చెప్పే గొంతుతోనే చెప్పింది. "నరం షిఫ్టు కాదు బాపూ. దెబ్బ తగిలిన ఏడాది లోపల తీగ పెడితెనే అది పట్టుకుంటది. ఆ తర్వాత ఎండిపోతది. ఓదెలు మామకు ఇగ నేను ఏ తీగ పెట్టినా పట్టది. ఆయన టైం అయిపోయింది."

రాజమల్లు ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఈ సంగతి ఆయనకు నిజంగానే తెలియదని ఆ చూపులోనే తెలిసింది.

ప్రభాత్ ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని లేచాడు. "డాక్టర్‌ను పిలువక్కా. ఫైనల్ నేను ఆడను. రేపు గూడ ఆడితే నేను మిగలను."

* * *

టోర్నీ డాక్టర్ మలేషియా మనిషి, యాభై ఏళ్లావిడ. స్కాన్ తీసింది, రెండుసార్లు చూసింది, పెన్ను మూత తీసింది. ఎవరినీ కసరలేదు. ప్రశ్న మాత్రం ఒకటే వేసింది. ఇది ఎవరి పని?

జవాబును బట్టి మూడు దారులని ఆవిడే చెప్పింది. ఆటగాడికి తెలిసే పెట్టించుకుంటే అతనికి జన్మలో ఆట లేదు. ప్రయోగశాల తన పద్ధతి ప్రకారం ఇస్తే, ఆ ప్రయోగం మొత్తం ఈ సాయంత్రమే ఆపించాలని ఆమె రాయాలి. అలా కాక ఎవరైనా రోగికి తెలియకుండా అతని తీగ కాజేసి ఉంటే అది దొంగతనం. తీసుకున్నవాడి మీదా పెట్టినవాడి మీదా కేసు. మిగతా పదకొండు మంది జోలికి ఎవరూ పోరు.

"ఈ కాగితంలో రోగి ఒప్పుకున్నాడని ఉంది," అంది డాక్టర్. "అంటే ప్రయోగశాల పద్ధతి ప్రకారమే జరిగినట్టు. ఆ రోగిని నేను అడగొచ్చా?"

సమత ఓదెలు ఉన్న ఆసుపత్రి వార్డుకు వీడియో కాల్ చేసింది. నర్సు ఎత్తి ఫోన్‌ను ఓదెలు ముఖం ముందు పట్టింది. దిండు మీద నెరిసిన తల, నవ్వుతున్న కళ్లు.

"చూసినం బిడ్డా, వార్డు వార్డంత చూసినం," అన్నాడు ఓదెలు. "ఫైనల్‌కు పోయిండు గదా మన పిల్లగాడు. సిస్టర్ చాక్లెట్లు పంచింది. నీ బాపేడి? మొగోడు ఏడుస్తాండా ఏంది?"

సమత నోరు తెరిచింది. ఆమె అడగబోయేలోపు రాజమల్లు చెయ్యి ఫోన్ మీద పడింది.

"నేను మాట్లాడుత," అన్నాడు. "ఈ డాక్టరమ్మకు నువ్వు ఇంగ్లిషుల చెప్పుకుంట రా. ఒక్క ముక్క ఇడువకు."

ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఓదెలూ, నేను రాజమల్లును. నవ్వకు, ఇను. నడుమ అడ్డం రాకు, వస్తే నేను చెప్పలేను. నీ మెడల తీగ లేదు. రెండేండ్ల కింద నీకు కోసి, కుట్టేసిన్రు, లోపల ఏం పెట్టలేదు. నీ తీగ నా కొడుకు మెడల ఉన్నది. నరహరి సార్ పెట్టిండు, నేను పెట్టుమన్న. పిల్లగానికి ఎరుకలేదు, సమతకు ఎరుకలేదు. ఎనిమిదేండ్లు వాడు ఓడిపోయి వచ్చి సంచి మూలకు పారేస్తాంటే చూడలేకపోయిన. నువ్వు ఒప్పుకున్నవని కాగితం మీద రాయించిన. నా పిల్లలకు గూడ ఇందాకనే అట్లనే చెప్పిన. నిన్ను అడగలే. అడుగుదామని ఆపరేషన్‌కు ముందురోజు పొద్దుగాల వచ్చిన నేను. నువ్వు సిస్టర్‌తోని, వేళ్లు కదిలినంక మొట్టమొదలు బీడీ ముట్టించుకుంట అని చెప్పి నవ్వుతున్నవ్. అడగకుండనే పోయిన. అడిగితే ఇయ్యవని ఎరుకై అడగలే. ఇంకోటి గూడ చెప్పాలె. ప్రతి ఆయితారం నీ మంచం కాడ కూసుండి నీ వేలు దిక్కు చూసిన. నువ్వు చెమటలు కక్కుకుంట, రాజన్నా, నా పట్టుదల సాలుతలేనట్టుందే అన్నవ్. ఇంకింత గట్టిగ పట్టు అన్న. నేనే అన్న, ఓదెలూ. అక్కడ ఏం లేదని తెలిసి, రెండేండ్లు, ప్రతి ఆయితారం, నేనే అన్న."